బస్సులో ఒక తల ఎక్కువ

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. బార్నీ మెకాలీకి మాత్రం వినేవాడంటే దేవుడే. పొద్దున్నే బెల్‌ఫాస్ట్‌లో టూరిస్టు బస్సు తీసి, ఉత్తరపు తీరం పొడుగునా తాళ్ల వంతెన, కూలిన కోట, రాళ్ల బాట చూపించి, ఆఖర్న విస్కీ బట్టీ దగ్గర జనాన్ని దింపి, పొద్దుగూకేసరికి మళ్లీ వాళ్లను ఊరు చేర్చడం అతని పని. బస్సు నడిపేదీ అతనే, కథలు చెప్పేదీ అతనే. స్టీరింగు తిప్పీ తిప్పీ చేతులు ఎప్పుడైనా అలిసిపోయాయేమో గానీ ఆ నోరు అలిసిపోగా చూసినవాళ్లు లేరు.

తాళ్ల వంతెనకు పోయే దారిలో, బళ్లు నిలిపేచోట, కొండ అంచున ఊనా టీ కొట్టు ఉంది. పేరుకు కొట్టు గానీ నాలుగు రేకులు, ఒక పొయ్యి, రెండు బల్లలు. బార్నీ ప్రతి ట్రిప్పులోనూ అక్కడ ఆపుతాడు. జనం టీ తాగుతారు, వెన్న రాసిన సోడా రొట్టె తింటారు, బార్నీ కోతలు కోస్తాడు. కోసినకొద్దీ పంట పెరిగే చేను ఆ ఒక్క చోటే ఉందని విల్బర్ట్ అంటుంటాడు. విల్బర్ట్ ఒకప్పుడు సాల్మన్ చేపలు పట్టేవాడు. ఇప్పుడు పొయ్యి పక్కన కూర్చుని బార్నీ అబద్ధాలు పడుతుంటాడు.

ఆ రోజు లేచిన దగ్గర్నుంచీ ఊనా మనసులో ఒకటే ఉంది. ఇవాళ ఎలాగైనా ఆ మాట అనేయాలి. ఇవాళ దాటితే మరి కుదరదు, బార్నీకి అదే ఆఖరి ట్రిప్పు. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక నడిపింది చాలన్నాడట డాక్టరు. రేపటినుంచి ఈ దారిలో కుర్ర డ్రైవరొస్తాడు, కథలు చెప్పడానికి బస్సులో రికార్డు పెడతారు.

అనాల్సింది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. “థాంక్స్, డ్రైవర్.” అంతే. ఆ దేశంలో ఆ మాట అనకుండా బస్సు దిగేవాడు లేడు. టిక్కెట్టు ఎగ్గొట్టినవాడూ అంటాడు. తాగి తూలేవాడూ అంటాడు. పోట్లాడుకుంటూ దిగే మొగుడూ పెళ్లాలైతే పోట్లాట ఒక్క క్షణం ఆపి, ఆ మాట అని, కింద కాలు పెట్టాక మళ్లీ మొదలుపెడతారు. అలాంటి చోట ఊనా ఇంటి ముందు ఒక మనిషి బార్నీ బస్సు దిగి, ఆ మాట అనకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ మనిషి ఊనా మొగుడు లోర్కన్. చెయ్యి పట్టి దింపుకున్న ఊనా కూడా అనలేదు.

లోర్కన్ విస్కీ బట్టీలో పీపాలు చేసేవాడు. పెద్దతనంలో మతి తప్పడం మొదలైంది. ఊనా ఆ సంగతి ఎవరికీ పొక్కనివ్వలేదు. ఎవరడిగినా జలుబంది, నడుం నొప్పంది. చివరికి అతని చిన్ననాటి స్నేహితుడు విల్బర్ట్‌ను కూడా గుమ్మంలోంచే పంపేసింది. తన మీద ఎవరైనా జాలిపడితే లోర్కన్‌కు పడేది కాదు, ఆ పరువు ఆమె కాపాడింది. నిరుడు ఆకులు రాలే కాలంలో ఒక పొద్దున అతను ఇంట్లోంచి మాయమయ్యాడు. కొట్టు తెరవకుండా ఆమె కొండ అంచులన్నీ వెతికింది, పిలిచి పిలిచి గొంతు పోయింది. సాయంత్రం వాళ్ల ఇంటి సన్నటి సందులోకి, రెండు పక్కలా కంచె కొమ్మలు గీసుకుంటుంటే, ఎప్పుడూ రానంత పెద్ద బస్సు వచ్చి ఆగింది. లోర్కన్ దిగాడు. ఆమెకు ఒళ్లు తెలియలేదు, మొగుణ్ణి లోపలికి లాక్కుని తలుపేసుకుంది. మళ్లీ తలుపు తీసేసరికి బస్సు లేదు. ఆ చలికాలంలోనే లోర్కన్ పోయాడు.

అప్పట్నుంచీ ఆ రెండు ముక్కలు అనాలని ఊనా చూస్తూనే ఉంది. “బార్నీ, ఆ రోజు” అని మొదలుపెట్టగానే అతను జనం వైపు తిరిగి “ఆ రోజా? ఆ రోజు ఏమైందో తెలుసా?” అని రాక్షసుడి కథ ఎత్తుకునేవాడు. తన గురించి తాను ఎంతైనా చెప్పుకుంటాడు గానీ, ఎదుటివాళ్లు ఒక మంచి మాట అనబోతే కాళ్లు భుజాన వేసుకుని పారిపోతాడు. ఆ తీరంలో మగవాళ్లంతా ఇంచుమించు అంతే. బార్నీ కాళ్లతో కాకుండా నోటితో పారిపోతాడు, అదే తేడా.

బస్సు వచ్చింది. జనం గాలికి టోపీలు పట్టుకుని రేకుల కిందికి దూరారు. ఊనా కప్పులు పెడుతూనే, నీళ్లు మరుగుతున్న చప్పుడులో కలిపి మెల్లగా “బార్నీ, ఆ రోజు సంగతి” అంది.

“అదిగో, ఊనా కూడా అడుగుతోంది,” అన్నాడు బార్నీ. బల్ల మీద చెయ్యి వేసి జనం వైపు తిరిగాడు. “వినండి తల్లీ, వినండి బాబూ. ఇది నేను ఎవరికి పడితే వాళ్లకు చెప్పను.”

“నిన్న చెప్పావు,” అన్నాడు విల్బర్ట్. “మొన్నా చెప్పావు.”

“నిన్న చెప్పింది ఉట్టిది. ఇవాళ చెప్పేది అసలుది,” అని బార్నీ మొదలుపెట్టాడు.

“డ్రైవరుకు చదువంటే తలలు లెక్కపెట్టడమే, బాబూ. ఒక తల తగ్గితే గుండె జారిపోతుంది, వంతెన కింద చూడాలి, మరుగుదొడ్లో చూడాలి. ఆ రోజు బాలికాజిల్ బజారులో జనాన్ని కాస్త కాళ్లు సాగదీసుకోమని దింపి, మళ్లీ ఎక్కించి లెక్కపెట్టాను. తగ్గలేదు. ఒక తల ఎక్కువైంది. మళ్లీ లెక్కపెట్టాను, ఎక్కువే. తగ్గిన తలను వెతకొచ్చు, ఎక్కువైన తలను ఏం చేస్తాం? వెనక సీటు దాకా పోయి చూద్దును కదా, కిటికీ పక్కన ఒకాయన కూర్చున్నాడు. నాకంటే కాస్త పొడుగు. చేతులు మాత్రం, చేతులు చూడాలి మీరు, ఒక్కో అరచెయ్యి ఊనా రొట్టెల పెనమంత. ఎక్కడికయ్యా పెద్దాయనా అన్నాను. ‘పనికి. ఆలస్యమైంది, బండి పోనీ’ అన్నాడు. ఏం పనయ్యా అన్నాను. ఆయన నావైపు ఎట్లా చూశాడంటే, సముద్రంలో రాళ్లు పేర్చినవాణ్ణి పట్టుకుని ఏం పని అని అడుగుతావేంట్రా, అన్నట్టు చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది.”

“ఏం అర్థమైంది?” అని ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ అడిగింది. అలా అడిగేవాళ్లు ఒక్కరుంటే చాలు బార్నీకి.

“రాక్షసుడు తల్లీ. మీరు ఇంకాసేపట్లో చూడబోయే ఆ రాళ్ల బాట ఉందే, ఇక్కణ్ణుంచి స్కాట్లండ్ దాకా వేద్దామని మొదలెట్టి సగంలో వదిలేసినవాడు. ఆయనే. సెలవు అయిపోయి పనిలోకి పోతున్నాడు, నా బస్సెక్కి.”

జనం నవ్వారు. విల్బర్ట్ నవ్వలేదు. “రాక్షసుడి కాళ్లకు ఏమున్నాయి?” అన్నాడు. అతను ప్రతిసారీ అదే అడుగుతాడు. చేపలవాడు కదా, ముందు కాళ్లకు బూట్లున్నాయో లేదో చూడటం అలవాటు.

“కాళ్ల సంగతికి తర్వాత వస్తాను,” అన్నాడు బార్నీ. ఎప్పుడూ రాడు. నెత్తి మీద టోపీ దగ్గర్నుంచి మొలకు కట్టిన తాడు దాకా రాక్షసుడి గురించి అంతా చెప్తాడు, మోకాళ్ల కిందికి మాత్రం దిగడు. ఎందుకు దిగడో ఊనాకు తెలుసు. కప్పు కడుగుతూ తల ఎత్తకుండా వింటోంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ ఎక్కుతుంటే బస్సు వెనక్కి కూర్చుండిపోయింది. ముందు చక్రాలు గాల్లో లేచాయి. జనాన్నంతా తీసుకొచ్చి నా పక్కన, నా ఒళ్లో, అద్దానికి ఆనించి నిలబెట్టాను, అప్పటికి గానీ ముక్కు కిందికి దిగలేదు. మలుపు దగ్గర చూసేసరికి రాక్షసుడి తల పైన కిటికీలోంచి బయటికి వచ్చింది. కొండ మీద గొర్రెలు ఆయన్ని చూసి దణ్ణం పెట్టాయి.”

“నీ కంటే కాస్త పొడుగన్నావు ఇందాక.”

“అది బజారులో, విల్బర్ట్. ఇది కొండ గాలి. గాలి తగిలితే మీ ఆవిడ కేకు పొంగదూ? అంతే ఇదీ.” బార్నీ టీ గుటక వేశాడు. “సరే, ఇక్కడికొచ్చాం. ఆ రోజు ఈ కొట్టు మూసుంది. టీ లేదు, ఏమీ లేదు, జనం దిగాలు పడిపోయారు. రాక్షసుడు మాత్రం వచ్చి ఈ తలుపు మీద ఇదిగో ఇట్లా చెయ్యి వేసి నిలబడ్డాడు. ‘ఆవిడ టీ పెట్టే ఉంచుతుంది’ అన్నాడు. కొట్టు మూసుందయ్యా అంటే వినడే. కాసేపు అట్లాగే నిలబడి, మళ్లీ వచ్చి బస్సెక్కాడు.”

ఈ ముక్క మాత్రం బార్నీ ఎప్పుడు చెప్పినా ఒక్క రవ్వ పెంచకుండా చెప్తాడు. ఊనా మొదటిసారి ఇది విన్న రోజునే ఆ రాక్షసుడెవరో కనిపెట్టింది. తాను కొండల మీద పడి వెతుకుతున్న గంటలోనే ఆ మనిషి తన కొట్టు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎన్నిసార్లు విన్నా ఆ చోట ఆమె చేతిలో కప్పు ఆగిపోతుంది. కోతలన్నీ భరించేది ఈ ఒక్క ముక్క కోసమే.

“వంతెన దగ్గర అసలు తమాషా,” అన్నాడు బార్నీ. “గాలి ఎట్లా ఉందంటే వంతెన అడ్డంగా కాదు, నిలువుగా వేలాడుతోంది.”

ఆ రోజు గాలికి వంతెన మూసేశారని, గేటుకు తాళం వేసింది తన మేనల్లుడేనని విల్బర్ట్ గుర్తు చేశాడు.

“మూసింది మీకు. మాకు ఎవడు మూస్తాడు? రాక్షసుడు ఇటు కొస పంటితో పట్టుకున్నాడు, అటు కొస బొటనవేలికి చుట్టుకున్నాడు, నా జనం రోడ్డు మీద నడిచినట్టు నడిచి పోయారు. మధ్యలో ఆయనకు తుమ్ము వచ్చింది. తుమ్మితే పళ్ల మధ్య తాడు వదిలేయాలి. ఆపుకున్నాడు పాపం. ఆ తుమ్ము ఆపుకుని ఆపుకుని కోట దగ్గరికి వెళ్లాక తుమ్మాడు. అందుకే ఆ కోటకు కప్పు లేదు.”

టీచరమ్మకు టీ ముక్కులోకి పోయింది. పక్కనున్నవాళ్లు వీపు మీద తట్టారు. బార్నీ ముఖం వెలిగిపోయింది, ఇక అతన్ని ఆపడం ఎవరి తరం.

“కోట కథ తెలుసుగా? పూర్వం ఒక తుఫాను రాత్రి ఆ కోట వంటిల్లు ఉన్నదున్నట్టుగా సముద్రంలోకి జారిపోయిందంటారు. రాక్షసుడు విన్నాడు. అయ్యో, వంటవాళ్లు తిన్నారో లేదో అన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, అల్లంత దూరం నుంచి సముద్రంలో చెయ్యి పెట్టి దేవి, వంటింటిని పైకి లాగాడు. పొయ్యి మండుతూనే ఉంది. వంటమనిషి పులుసు కలుపుతూనే ఉంది. ‘ఎంతమందికి వడ్డించను?’ అని అడిగింది. బస్సుకంతా అన్నాను.”

“పులుసు ఎలా ఉంది?” అన్నాడు విల్బర్ట్, మొహం మాత్రం గంభీరంగా పెట్టి.

“అబద్ధం ఎందుకు చెప్పాలి, ఉప్పు కాస్త ఎక్కువైంది. అన్నేళ్లు సముద్రంలో ఉంది కదా.”

రేకులు అదిరేలా నవ్వారు. ఊనా కూడా నవ్వింది. బతికుండగా లోర్కన్ ఇది వింటే ఎంత నవ్వేవాడో అనిపించింది. తాను దాచిన లోర్కన్ మతిమరుపును బార్నీ వీధిలో పెట్టి ఊరేగిస్తున్నాడు, కానీ ఒక్కరికి కూడా అందులో జాలిపడే చోటు దొరకడం లేదు.

“ఇక రాళ్ల బాట. అన్నీ ఆరు మూలల రాళ్లు, ఎవరో చెక్కి పేర్చినట్టుంటాయి, మీరే చూస్తారు. రాక్షసుడు వాటి మీద నడిచి, ఒక చోట ఆగి, ఇక్కడొక రాయి తగ్గిందే అన్నాడు. బస్సులో అందరి సంచులూ వెతికాం. ఒక దొరగారు దాన్ని రుమాల్లో చుట్టి దాచాడు, ఇంట్లో తలుపుకు అడ్డం పెట్టుకుంటాడట. రాక్షసుడు దాన్ని తీసుకుని, సీసాకు బిరడా నొక్కినట్టు బొటనవేలితో నొక్కాడు. ఆ అదురుకు స్కాట్లండ్‌లో ఒక ముసలమ్మ చేతిలో ఊలు కండె జారిపోయిందట. ఉత్తరం రాసింది నాకు.”

“ఏదీ ఉత్తరం?”

“తడిసిపోయింది, విల్బర్ట్. ప్రతిదానికీ సాక్ష్యం అడిగితే స్నేహం ఎలా నిలుస్తుంది?” బార్నీ కప్పు ముందుకు జరిపాడు, ఊనా నింపింది. “ఆఖరికి విస్కీ బట్టీ. ఇది వినండి. పీపాల్లో విస్కీ ఏళ్ల తరబడి ఊరుతుంటే, ఏటా కాస్త గాల్లో కలిసిపోతుంది. అది దేవదూతల వాటా అంటారు ఆ పనివాళ్లు. పీపాల కొట్టంలో అడుగు పెడితే చాలు, ఆ వాటా ముక్కుకు తగులుతుంది. రాక్షసుడు లోపలికి వంగి, ఆ వాసన తగలగానే, ఒక్క ఊపిరి పీల్చాడు. ఒక్కటంటే ఒక్కటే. ఆ ఏడాది వాటా అంతా లోపలికి పోయింది. స్వర్గంలో కరువొచ్చింది. పైన ఆదివారం పాటలు ఆగిపోయాయి. కాసేపటికి దేవదూతలు వానకోట్లు వేసుకుని దిగొచ్చి బట్టీ గేటు దగ్గర వరసలో నిలబడ్డారు, చేతిలో ఒక్కో గ్లాసు. మేనేజరు ఏడుపు మొహం పెట్టాడు. అయ్యా, మీరు కాస్త ఊపిరి వదిలితే బాగుంటుంది అని నేనే బతిమాలాను. వదిలాడు. ఇక్కణ్ణుంచి స్కాట్లండ్ దాకా అందరికీ ఎక్కింది. గొర్రెలు పాడాయి. పాదిరిగారు సైకిలుకు పెళ్లి చేయబోయారు. సముద్రంలో చేపలు ఒడ్డుకొచ్చి విల్బర్ట్ ఎక్కడుంటాడని అడిగాయి.”

“అడిగితే ఎవరూ నాకు చెప్పలేదే,” అన్నాడు విల్బర్ట్.

ఆ నవ్వులు తగ్గుతున్నప్పుడు బార్నీ కొండ కింద సముద్రం వైపు చూశాడు. ఆఖరి ట్రిప్పు అని అప్పుడు గుర్తొచ్చిందో ఏమో, గొంతు కొంచెం దిగింది.

“అందరూ బయటికి పోయాక కూడా ఆయన కొట్టంలోనే ఉన్నాడు. ఒక్కో పీపానూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. కొట్టడం, వినడం, ముందుకు పోవడం. ఒకదాని దగ్గర ఆగాడు. రెండోసారి కొట్టాడు. ‘ఇది నాది’ అన్నాడు. మొహం ఎట్లా అయిందో చెప్పలేను. పొద్దున్నించీ ఎక్కడున్నాడో తెలియని మనిషి, అక్కడ మాత్రం తెలిసినట్టు నిలబడ్డాడు.”

ఈ ముక్క ఊనా ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు. పొయ్యి మీద కెటిల్ కూత పెడుతోంది, ఆమె దింపలేదు. ఆఖరి రోజుల్లో లోర్కన్ ఆమెను కూడా పోల్చుకోలేదు. తనకంటూ ఏమీ మిగలకుండానే పోయాడనుకుని ఆమె ఇన్నాళ్లూ కుమిలిపోయింది. మిగిలింది. ఎక్కడో చీకటి కొట్టంలో ఒక పీపా చప్పుడు అతనికి మిగిలింది, ఆ చప్పుడు దాకా అతన్ని తీసుకెళ్లినవాడు ఇదిగో, బల్ల మీద మోచెయ్యి ఆనించి ఎదురుగా ఉన్నాడు.

బార్నీ వెంటనే తేరుకున్నాడు. “ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికి పోదామన్నాడు. వాళ్ల సందు చూస్తే సూదిబెజ్జం, అందులో బస్సు పట్టదు. అప్పుడాయన దిగి, బస్సును మనుషులతో సహా ఎత్తి చంకలో పెట్టుకుని—”

“పెట్టుకోలేదు,” అంది ఊనా.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె బల్ల కిందికి వంగి ఒక జత బూట్లు తీసి, కప్పుల పక్కన పెట్టింది. గోధుమరంగు తోలు బూట్లు, పెద్దవి, అద్దంలా తుడిచి ఉన్నాయి.

“విల్బర్ట్, రాక్షసుడి కాళ్లకు ఏమున్నాయని ఎప్పుడూ అడుగుతావుగా. ఇవి ఉన్నాయి. సాయంత్రం ఇవి ఉన్నాయి. పొద్దున ఇంట్లోంచి పోయేటప్పుడు మాత్రం మంచం పక్కన విడిచే గళ్ల గుడ్డ చెప్పులున్నాయి. వానలో ఆ చెప్పులతోనే బజారు దాకా నడిచాడు. దిగేటప్పుడు ఆయన కాళ్లకు బార్నీ బూట్లు, బార్నీ కాళ్లకు ఆయన చెప్పులు, మడమలు బయటికొచ్చి. నేను చూశాను.” ఆమె జనం వైపు తిరిగింది. “ఆయన రాక్షసుడు కాదు. మా ఆయన లోర్కన్. మతి పోయింది ఆయనకు. మీకెవరికీ తెలియనివ్వలేదు నేను.”

విల్బర్ట్ ఆ బూట్ల వైపే చూస్తున్నాడు.

“నాకైనా చెప్పకపోయావా, ఊనా,” అన్నాడు. “ఊరికే వచ్చి పక్కన కూర్చునేవాణ్ణి కదా.”

“చెప్పాల్సింది,” అంది ఆమె. “ఇప్పుడు తెలుస్తోంది.”

బార్నీ టోపీ తీసి చేతిలో తిప్పాడు. గాలి అంతా ఒక్కసారి పోయిన టైరులా అయ్యాడు. జనానికి కాకుండా ఊనాకు మాత్రమే చెప్తున్నట్టు అన్నాడు.

“ఇల్లెక్కడంటే చెప్పలేకపోయాడు. పనికి ఆలస్యమవుతోందనేవాడు, అంతే. పోనీ పని దగ్గరే ఎవరైనా గుర్తుపడతారని తీసుకుపోయాను, అక్కడి గేటు మనిషి ఇల్లు చెప్పాడు. దారంతా బస్సులోవాళ్లు అడుగుతున్నారు, ఎవరాయన అని. దారి తప్పిన ముసలాయన అని ఎట్లా అంటాను, ఆయన వింటుండగా? ఆ రాళ్లు పేర్చిన రాక్షసుడు ఈయనే అన్నాను. నవ్వాడు, ఊనా. నిటారుగా కూర్చున్నాడు. అందరూ ఆయనతో ఫొటోలు దిగారు. మరి రోజంతా రాక్షసుడిగా ఉన్నవాణ్ణి, తర్వాత నేనెట్లా తగ్గిస్తాను? పెంచుకుంటూ పోయాను.”

ఊనా కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు అడ్డం పడటానికి కథ లేదు. “బార్నీ,” అంది, “ఆ రోజు మేమిద్దరం అనకుండా లోపలికి పోయాం. ఇప్పుడంటున్నాను. థాం—”

“ఆగాగు.” బార్నీ చెయ్యి అడ్డం పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. “అది బస్సు దిగేవాళ్లు అనే మాట. నువ్వు నా బస్సు ఎప్పుడెక్కావని? ఎక్కనివాళ్ల దగ్గర తీసుకోకూడదు.”

అలా అని టోపీ పెట్టుకుని, బూట్లు చంకన పెట్టుకుని, పదండి పదండి ఆలస్యమైందంటూ జనాన్ని బస్సు వైపు తోలాడు. మళ్లీ తప్పించుకున్నాడు. ఊనా నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి విల్బర్ట్ ఒళ్లో పడేసింది. కెటిల్ దించమంది, రొట్టెలు మాడితే ఊరుకోనంది.

బార్నీ డ్రైవరు సీటు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. వెనక సీటులో కిటికీ పక్కన ఊనా కూర్చుని ఉంది.

“ఒక తల ఎక్కువైంది,” అన్నాడు.

“పనికి పోతున్నా. ఆలస్యమైంది, బండి పోనీ,” అంది ఆమె.

దారంతా బార్నీ కోట గురించీ రాళ్ల గురించీ చెప్తూనే ఉన్నాడు గానీ, ఆ రోజు చెప్పినవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. టీచరమ్మకు కాస్త నిరుత్సాహం కూడా కలిగింది. విస్కీ బట్టీ గేటు దగ్గర బస్సు ఆగింది. తలుపు దగ్గర నిలబడి, దిగే ప్రతివాళ్లకూ ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు, మెట్టు జాగ్రత్త, కాస్త ఎత్తుగా ఉంటుందని. ఒక్కొక్కరే థాంక్స్ డ్రైవర్ అంటూ దిగారు. అందరి వెనకా ఊనా వచ్చింది. డ్రైవరు సీటు వెనక, ఇనప పెట్టె మీద, గళ్ల గుడ్డ చెప్పులు ఒక జత ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఉన్నాయి. మడమల దగ్గర తొక్కి తొక్కి నలిగిపోయాయి. వాటిని చూసి ఆమె ఆగింది, కానీ తీసుకోలేదు. ఉండాల్సిన చోటే ఉన్నాయనిపించింది.

మెట్టు దిగి, కింద కాలు పెట్టి, వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది.

“థాంక్స్, డ్రైవర్. ఇది లోర్కన్‌ది. థాంక్స్, డ్రైవర్. ఇది నాది.”

బార్నీ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. ఎదురుగా వినడానికి మనిషి ఉంది, పోవడానికి దారి లేదు.

“మెట్టు జాగ్రత్త,” అన్నాడు, ఆమె దిగేసిన మెట్టు వైపు చూస్తూ.

ఆ సాయంత్రం ఊనా పీపాల కొట్టంలో ఒక పీపా మీద వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, చాలాసేపు వింది. ఇప్పుడు టీ కొట్టులో ఈ కథంతా ఆమే చెప్తుంది, విల్బర్ట్ పక్కన కూర్చుని అందిస్తుంటాడు. వంతెన ఒక కొస రాక్షసుడి పళ్ల మధ్య ఉందంటే జనం తలూపుతారు. సముద్రంలోంచి వేడి పులుసు వచ్చిందంటే సరేనంటారు. వానకోట్లు వేసుకున్న దేవదూతలను కూడా ఒప్పుకుంటారు. ఆఖర్న బార్నీ మెకాలీకి చెప్పడానికి మాట దొరకలేదు అనేసరికి మాత్రం, కోతలకైనా ఒక హద్దుండాలమ్మా అని లేచి వెళ్లిపోతారు.